ఏ రాయైతేనేం?

పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని మన పెద్దలు ఏనాడో తేల్చేశారు. ఊడగొట్టుకోవడం వరకే అయితే ఆ మాటకు ఎదురు చెప్పలేం. ఉన్న పన్నును నిలబెట్టుకోవాలని కూర్చున్నప్పుడు మాత్రం ఏ రాయి అన్నదే ప్రశ్న అవుతుంది. నా వృత్తిజీవితంలో చాలా భాగం ఆ ప్రశ్నతోనే గడిచింది. రాయి అని మాటవరసకు అనడం లేదు. కంసాలీ కమ్మరీ అరగదీయడానికి వాడే పనిముట్టుకు తెలుగులో ఆకురాయి అని చక్కని పేరుంది. పంటి వేరులోని సన్నని నాళాన్ని గీకి, వెడల్పు చేసి, ఒక రూపానికి తేవడానికి మేము వాడే సూది కూడా ఆ జాతిదే. ఇంగ్లీషులో రెంటినీ ఫైలు అనే అంటారు. వెంట్రుకంత లావు ఆకురాయిని ఊహించుకోండి, చాలు.

మాటల దగ్గర ఆగిపోవడం నాకున్న అలవాటు, మన్నించాలి. తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారికి కుంతకాలు, రదనికలు, అగ్రచర్వణకాలు, చర్వణకాలు గుర్తుండే ఉంటాయి. పరీక్షలో బొమ్మ గీసి పేర్లు రాశాం. ఆ తరువాత జన్మలో ఎవరి నోటా వినలేదు. నా దగ్గరకు వచ్చి "చర్వణకం నొప్పిగా ఉంది" అన్నవారు ఇంతవరకూ లేరు. తెలుగువాళ్ళకు అది దవడపన్ను, ఉర్దూ మాట్లాడేవాళ్ళకు దాఢ్. రూట్ కెనాల్ అన్నది మాత్రం రెండు భాషల్లోనూ సొంత మాటే అయిపోయింది. దానికి నేనొక అనువాదం తయారుచేసి మీ మీద రుద్దను.

పాతబస్తీలో, శాలిబండ నుంచి లాల్ దర్వాజా వైపు దిగే ఒక సందులో నా క్లినిక్. ఒక పక్క గౌలిపురా, ఛత్రినాక నుంచి తెలుగు కుటుంబాలు వస్తాయి. మరో పక్క మొఘల్‌పురా, హుసేనీ ఆలం, ఖిల్వత్ నుంచి ముస్లిం కుటుంబాలు. ఆడవాళ్ళు ఎక్కువ, కుర్చీలో ఉన్నది ఆడడాక్టరు కాబట్టి. మూసీ దాటితే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రికి దగ్గరలోనే ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది, 1959 నాటిది. పంటినొప్పి వచ్చిన పేదవాడు మొదట అటే నడుస్తాడు. అక్కడి వరుస చూసి ఓపిక చాలనివాళ్ళూ, ఇంటి నుంచి అంత దూరం రానివ్వని అమ్మాయిలూ నా దగ్గరకు వస్తారు.

మొన్న కొత్తగా క్లినిక్ పెట్టుకుంటున్న ఒక జూనియర్ ఫోన్ చేసింది. "అక్కా, దవడపళ్ళకి ఏ ఫైల్ సిస్టమ్ కొనమంటారు?" అని. నిమిషంలో చెప్పేయవలసిన జవాబు. గంటసేపు చెప్పాను, అయినా సరిగా చెప్పలేదేమో అనిపించి ఇది రాస్తున్నాను.

పంటి లోపల ఏముందో కొంచెం చెప్పాలి. పైన కనిపించే తెల్లని భాగం కింద వేర్లుంటాయి, వేర్ల నడుమ నాళాలు, నాళాల్లో రక్తనాళాలూ నరాలూ ఉన్న మెత్తని గుజ్జు. పుచ్చు గుజ్జు దాకా చేరితే అది వాచి, కుళ్ళి, క్రిములు వేరు కొస దాటి ఎముకలోకి దిగుతాయి. రూట్ కెనాల్ అంటే ఆ గుజ్జును తీసివేసి, నాళాన్ని మందునీళ్ళతో కడిగి, ఆకురాళ్ళతో రూపు దిద్ది, గట్టాపెర్చా అనే చెట్టుపాల పదార్థంతో మూసివేయడం. చెప్పుకోవడానికి ఇంతే. ముందుపళ్ళలో దాదాపు ఇంతే కూడా. దవడపన్ను దగ్గరకు వచ్చేసరికి కథ మారుతుంది. కింది మొదటి దవడపన్నుకు సాధారణంగా రెండు వేర్లు, మూడు నాళాలు. నాలుగోది ఉన్న పళ్ళూ తక్కువేం కాదు. పైదానికి మూడు వేర్లు, వాటిలో బుగ్గవైపు ముందున్న వేరులో రెండో నాళం ఒకటి దాక్కుని ఉంటుంది. అది లేదని తీర్మానించుకోవడం కంటే దొరకలేదని ఒప్పుకోవడం మేలు. స్విట్జర్లాండులో వాల్టర్ హెస్ అనే ఆయన వేల పళ్ళలోకి రబ్బరు ఎక్కించి, గట్టిపరిచి, పైపంటిని కరిగించివేసి, నాళాల అచ్చులు తీశాడు. 1925లో ఇంగ్లీషులో వచ్చిన ఆ బొమ్మలు చూసి అప్పటి దంతవైద్యులు చాలామంది నమ్మలేదట. నాళం గొట్టంలా ఉంటుందనుకున్నవాళ్ళకు ఆయన చూపించినది చీలికలు, వలలు, అడ్డదారులు, కొస దగ్గర ఏటి పాయల్లా విడిపోయిన సందులు.

అన్నిటికంటే ముఖ్యం వంపు. దవడపన్ను వేరు నిటారుగా దిగదు. వెనక్కు వంగుతుంది, చాలాసార్లు పక్కకు కూడా. ఎక్స్‌రేలో పక్కవంపు కనిపించదు. ఆ వంపును కొలిచే పద్ధతి ష్నైడర్ 1971లో చెప్పాడు: నాళం మొదట్లో నిటారుగా నడిచే గీత ఒకటి, అది దారి తప్పిన చోటు నుంచి కొస దాకా మరొకటి గీసి, మధ్య కోణం చూస్తారు. 5 డిగ్రీల లోపు నిటారు, 10 నుంచి 20 మధ్యస్థం, 25 దాటితే కష్టం. నా కుర్చీలోకి మూడో రకం కాస్త ఎక్కువగానే వస్తుందని నా అనుమానం.

ఇక పనిముట్లు. అమెరికాలో ఎడ్వర్డ్ మేనార్డ్ 1838లో గడియారపు స్ప్రింగును గీసి, నోట్లు పెట్టి, నాళంలోకి పోయే మొదటి పనిముట్టు చేశాడంటారు. ఈ సంగతి చదివినప్పుడు నాకు మహబూబ్ చౌక్ గుర్తొచ్చింది. 1892లో అస్మాన్ జా కట్టించిన గడియారపు స్తంభం ఉన్న చోటు. ఆ చుట్టుపక్కల వీధుల్లో ఒంటికన్ను భూతద్దం పెట్టుకుని, చిన్న పట్టకారుతో స్ప్రింగు పట్టుకుని కూర్చునే గడియారాల ముసలివాళ్ళను చిన్నప్పుడు చూశాను. నా పనీ వాళ్ళ పనీ మేనరికపు చుట్టాలని అప్పుడు తెలియదు. వాళ్ళ దుకాణాలు తగ్గిపోయాయి. నా దగ్గర భూతద్దం ఇప్పుడు రెండు కళ్ళకూ ఉంది.

స్ప్రింగు తరువాత ఉక్కు తీగ. కెర్ కంపెనీవాళ్ళు 1915 ప్రాంతంలో నలుచదరపు తీగను మెలిపెట్టి చేసిన ఫైలే ఇవాళ్టికీ వాళ్ళ పేరులోని మొదటి అక్షరంతో కె ఫైలు. అప్పట్లో ఒక కంపెనీ మూడో నంబరుకూ ఇంకో కంపెనీ మూడో నంబరుకూ పొంతన లేదు. ఇంగిల్, లెవీన్ అనే ఇద్దరు 1958లో లెక్క ఒకటి ఉండాలని పట్టుబట్టారు. ఆ లెక్క ఎంత అందమైనదో చెప్పకుండా ఉండలేను. 25 నంబరు ఫైలు అంటే కొస దగ్గర 0.25 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి పైకి ప్రతి మిల్లీమీటరుకూ 0.02 చొప్పున లావెక్కుతుంది. కోతభాగం 16 మిల్లీమీటర్లు, అంటే పై చివర 0.57. పిడికి రంగులు: 15 తెలుపు, 20 పసుపు, 25 ఎరుపు, 30 నీలం, 35 ఆకుపచ్చ, 40 నలుపు, మళ్ళీ తెలుపు. దంతవైద్య విద్యార్థులకు ఇంద్రధనుస్సు కంటే ముందు వచ్చేది ఈ వరుసే. నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

నాకు ఫైలు పట్టుకోవడం నేర్పిన గురువుగారు ఉక్కు మనిషి, అక్షరాలా. చివరిదాకా యంత్రం ముట్టలేదు. ఫైలును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, గడియారానికి కీ ఇచ్చినట్టు పావు చుట్టు అటు, పావు చుట్టు ఇటు తిప్పుతూ, కళ్ళు మూసుకునేవారు. "నాళం ఎటు వంగిందో వేలు చెప్పాలి, ఎక్స్‌రే కాదు" అనేవారు. ప్రతి ఫైలు కొసనూ వంచి మరీ లోపలికి పంపేవారు. ఒక్కో దవడపంటికి రోగి నాలుగేసి సార్లు రావలసి వచ్చేది. ఆయనకు అది లోపంగా తోచేది కాదు, వచ్చేవాళ్ళకూ అప్పట్లో తోచేది కాదేమో.

ఉక్కుతో వచ్చే చిక్కు దాని స్వభావంలోనే ఉంది. సన్నగా ఉన్నప్పుడు వంగుతుంది. లావెక్కేకొద్దీ తన నిటారుతనం తాను వెతుక్కుంటుంది. వంకర నాళంలో నిటారు కావాలని చూసే ఫైలు కొస దగ్గర వంపుకు బయటివైపు గోడను, నడిమి భాగంలో లోపలివైపు గోడను తింటుంది. కొన్నాళ్ళకు నాళం అసలు దారి వదిలి కొత్త దారి పడుతుంది. ఒక మెట్టు ఏర్పడి, ఆపై కొస దాకా ఏ ఫైలూ దిగదు. లేదా కన్నం పడుతుంది. కింది దవడపంటి ముందు వేరులో, రెండు వేర్లూ విడిపోయే వైపున, గోడ చాలా పలచన. ఒక్కోసారి ఒక మిల్లీమీటరుకు మించదు. దాన్ని ప్రమాదస్థలం అనే పాఠ్యపుస్తకాలు పిలుస్తాయి. మా సందులో పాత మట్టిగోడల మూలలు చూస్తుంటాను. పొడుగాటి ఇనుప ఊచలు వేసుకుని తోపుడుబండి మలుపు తిరిగిన ప్రతిసారీ మూల కొంచెం రాలుతుంది. వంగని సరుకు ఇరుకు మలుపులో తిరిగితే జరిగేది అదే.

వంగే లోహం వైద్యుల వెదుకులాటలో దొరికింది కాదు. అమెరికా నౌకాదళపు ప్రయోగశాలలో విలియం బ్యూలర్ క్షిపణుల కోసం నికెల్, టైటానియం కలిపి చూస్తున్నాడు. 1961లో ఒక సమావేశంలో ముడతలు ముడతలుగా మడిచిన ఆ లోహపు రేకును చేతులు మార్చి చూస్తుండగా, ఒకాయన సరదాగా కింద లైటర్ వెలిగించాడు. రేకు తనంతట తాను చాపుకుని పాత రూపానికి వచ్చేసింది. ఆ ప్రయోగశాల పేరులోని అక్షరాలు కలిపి దానికి నిటినాల్ అని పేరు పెట్టారు. 1970 దశకంలో అది పళ్ళు సరిచేసే తీగగా దంతవైద్యంలోకి వచ్చింది. 1988లో వాలియా, బ్రాంట్లీ, గెర్‌స్టీన్ అనే ముగ్గురు ఆ తీగనే చెక్కి 15 నంబరు ఫైలు చేసి చూశారు. ఉక్కుతో పోలిస్తే రెండు మూడు రెట్లు మృదువుగా వంగింది, మెలి తిప్పితే విరగకుండా ఎక్కువ తట్టుకుంది. ఆ చిన్న వ్యాసం మా శాస్త్రాన్ని రెండు ముక్కలు చేసిందంటే అతిశయోక్తి కాదు: దానికి ముందు, దాని తరువాత.

వంగినా అలసిపోకుండా తిరగగలదు కాబట్టి దాన్ని మోటారుకు బిగించారు. 2001లో ప్రొటేపర్ వచ్చింది. ఒకే ఫైలు ఒంటి మీద వాలు ఒక్కోచోట ఒక్కో తీరుగా మారుతూ ఉండటం అందులో కొత్తదనం. 2008లో యారెడ్ అనే ఆయన ఒకే ఫైలును ఒకే దిక్కున గిరగిర తిప్పకుండా, ఎక్కువ ముందుకు, తక్కువ వెనక్కు ఊపితే చాలునని చూపించాడు. ఆ ఆలోచన మీద 2011లో రెసిప్రోక్, వేవ్‌వన్ వచ్చాయి. తరువాతి కాలంలో వేడి చికిత్స చేసిన లోహాలు వచ్చాయి: వంచితే వంగినట్టే ఉండిపోయే హైఫ్లెక్స్, బంగారు రంగు ప్రొటేపర్ గోల్డ్. పేర్లు ఇంకా బోలెడు. ఏడాదికోసారి ఏజెంటు వచ్చి, గత ఏడాది తానే పొగిడిన ఫైలు ఎంత పనికిమాలినదో చెప్పి వెళ్తాడు.

ఈ లోహానికీ ఒక దుర్గుణం ఉంది. ఉక్కు విరిగే ముందు చెబుతుంది: మెలికలు విడిపోతాయి, వంకర కనిపిస్తుంది, పారేస్తాం. నిటినాల్ చాలాసార్లు చెప్పకుండా విరుగుతుంది. వంపులో తిరిగేటప్పుడు ఒక పక్క సాగుతూ, మరో పక్క నలుగుతూ, ప్రతి చుట్టుకూ ఆ బాధ పడుతూ, బయటికి కొత్తదానిలాగే మెరుస్తూ, ఒక రోజు టక్కున తెగుతుంది. మనుషుల్లోనూ ఈ రెండు రకాలూ చూశాను కానీ అది వేరే వ్యాసం.

మరి ఏది మేలో ఎలా తేలుస్తారు? ఇక్కడే నేను మీకు చెప్పాలనుకున్న సంగతి ఉంది. పీజీలో నా పరిశోధన అంశం ఇదే: దవడపళ్ళ వంకర నాళాలలో ఉక్కు ఫైళ్ళకూ నిటినాల్ ఫైళ్ళకూ పోలిక. మన దేశంలో ఎందరో పీజీ విద్యార్థులు ఇదే అంశాన్ని ఏదో ఒక రూపంలో చేసి ఉంటారు. పద్ధతి చెబుతాను. పీకేసిన దవడపళ్ళు సేకరించాలి. శుభ్రం చేసి సీసాలో మందునీళ్ళలో ఉంచాలి. అచ్చుదిమ్మలో నిలబెట్టి సీటీ తీయించాలి. పగలు రోగుల వరుస ఉంటుంది కాబట్టి రాత్రి పదకొండు దాటాక స్కానింగ్ సెంటరుకు డబ్బా చంకన పెట్టుకుని వెళ్ళేదాన్ని. "పేషెంట్ ఎక్కడమ్మా?" అని అడిగిన వాచ్‌మన్‌కు డబ్బా మూత తీసి చూపించాను, మళ్ళీ అడగలేదు. తరువాత కొన్ని పళ్ళకు ఒక రకం ఫైలు, కొన్నిటికి మరో రకం వాడి, మళ్ళీ సీటీ తీయించాలి. కొస నుంచి 3, 6, 9 మిల్లీమీటర్ల ఎత్తున అడ్డకోతల్లో నాళానికి ఇరుపక్కలా గోడ మందం ముందెంత, తరువాతెంత అని కొలవాలి. ఒక పక్క ఎంత తగ్గిందో, ఎదుటి పక్క ఎంత తగ్గిందో తీసివేస్తే నాళం నడుమ నుంచి ఎంత జరిగిందో తెలుస్తుంది. గాంబిల్, ఆయన సహచరులు 1996లో చెప్పిన లెక్క ఇది. సున్నా వస్తే ఫైలు నడిమధ్యన నడిచినట్టు.

ఇలాంటి పోలికలన్నీ కలిపి చూస్తే మొత్తం మీద తేలేది ఇది. వంకర నాళంలో నిటినాల్ నడుమను బాగా పట్టుకుంటుంది, మెట్లూ దారితప్పడాలూ తగ్గుతాయి, సమయం బాగా తగ్గుతుంది. నిటినాల్‌లో ఈ పేరుకూ ఆ పేరుకూ తేడా మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉంటుంది. 2001లో పీటర్స్ బృందం పైదవడ పళ్ళను అతిసూక్ష్మ స్కానుతో పరీక్షించి చెప్పినవి రెండు మాటలు. ఫైలు ఏదైనా నాళపు గోడలో 35 శాతమో అంతకంటే ఎక్కువో దాని స్పర్శే లేకుండా మిగిలిపోతుంది. పద్ధతి కంటే, నాళం మొదట ఏ ఆకారంలో ఉందన్నదే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది. అంటే మేము ఏ రాయి అని కొట్టుకుంటున్నాం కానీ మూడో వంతు గోడను ఏ రాయీ ముట్టుకోవడం లేదు. అక్కడ పని చేయవలసింది సోడియం హైపోక్లోరైట్ నీళ్ళు. ఇంకా చిత్రం ఏమిటంటే, రే, ట్రోప్ అనే ఇద్దరు 1995లో వెయ్యి పైచిలుకు పళ్ళ ఎక్స్‌రేలు చూసి, వేరు కొస దగ్గర ఎముక బాగుండటానికి లోపలి పూడిక కంటే పైన వేసిన సిమెంటు, తొడుగు బాగుండటమే ముఖ్యమన్నారు. తరువాత వచ్చినవాళ్ళు రెండూ ముఖ్యమేనన్నారు. రెండోదే నాకు నమ్మదగినదిగా తోస్తుంది.

ఇప్పుడు ఆ సీసా సంగతి. పళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి? పీకే గదుల్లో నుంచి. రెండు మూడు ఆసుపత్రుల పీకే గదుల్లో నా పేరు రాసిన సీసాలు పెట్టి వచ్చేదాన్ని. వారానికోసారి వెళ్ళి తెచ్చుకునేదాన్ని. తెచ్చినవాటిలో ఏరాలి. వేరు పూర్తిగా పెరిగి ఉండాలి, పగులు ఉండకూడదు, వేరులో పుచ్చు ఉండకూడదు, నాళం మూసుకుపోయి ఉండకూడదు, 10 నంబరు ఫైలు కొస దాకా దిగాలి. చిగుళ్ళ జబ్బుతో వదులై ఊడిన పళ్ళు కొన్ని ఉండేవి. వాటిని ఎవరూ నిలబెట్టలేరు, సరే. తక్కినవాటిని బల్ల మీద వరసగా పేర్చి చూస్తుంటే ఒక రాత్రి మనసు కలుక్కుమంది. నా పరిశోధనకు పనికివచ్చే పన్ను అంటే నిర్వచనం ప్రకారమే రూట్ కెనాల్‌కు పనికివచ్చే పన్ను. అది నోట్లో ఉండగానే ఈ ఫైళ్ళు దానిలోకి దిగగలిగేవి. ఆ పంటి మనిషి దగ్గర డబ్బు లేకనో, నాలుగు రోజుల కూలి పోగొట్టుకోలేకనో, "తీసేయండి" అన్నందువల్ల అది సీసాలోకి వచ్చింది. సీసాలోకి వచ్చాక దాని మీద వేల రూపాయల విలాయతీ ఫైళ్ళూ, మోటారూ, రెండుసార్లు సీటీ ఖర్చయ్యాయి. నాళం ఎంత చక్కగా దిద్దామో దశాంశ స్థానాల్లో రాసుకున్నాం. ఆ మనిషి ఆ పక్క నమలడం మానేసి ఇంకో పక్క నములుతూ ఉండి ఉంటాడు.

ఇందులో ఎవరి నేరమూ లేదు. అలా పరీక్షించకుండా బతికి ఉన్న నోట్లో ప్రయోగం చేయడం అసలైన నేరం. కానీ ఆ రాత్రి నుంచి పోలిక అన్న మాట నాకు ఇంకో అర్థంలో వినిపించడం మొదలైంది.

కొన్నేళ్ళ కిందట రంజాన్ మొదటి వారంలో ఒకామె వచ్చింది. లాడ్ బజార్ దుకాణాలకు ఇంట్లో కూర్చుని లక్క గాజుల మీద అద్దాలూ రాళ్ళూ పొదిగే పని. పండుగ ముందు నెల రోజుల సంపాదనే వాళ్ళకు ఏడాదికి ఆధారం. ఎడమ కింది మొదటి దవడపన్ను, రాత్రంతా నిద్ర లేదు. "దాఢ్ నికాల్ దేవ్ మేడమ్, కామ్ బహుత్ హై" అంది. ఎక్స్‌రే తీశాను. ముందు వేరు బాగా వంగి ఉంది కానీ పన్ను గట్టిది, పుచ్చు కూడా పైనే. నిలబడే పన్ను. "ఆపా, ఇది తీయవలసిన పన్ను కాదు" అన్నాను. ఆమె అడిగినవి రెండే ప్రశ్నలు. ఎంత అవుతుంది? ఎన్నిసార్లు రావాలి? రెండో ప్రశ్నే బరువైనది. డబ్బు విడతల్లో ఇవ్వవచ్చు, పోయిన పూట విడతల్లో రాదు. ఉపవాసంలో నోట్లో నీళ్ళు పోయించుకోదు కాబట్టి పగలు కుదరదు. ఇఫ్తార్ అయ్యాకే రాగలదు. ఆ వేళకే బజారు తెరుచుకుని సరుకు కోసం మనుషులు వచ్చే సమయం.

చేత్తో, ఉక్కుతో చేస్తే ఆ వంపుకు నాలుగు పూటలు. మోటారుతో, వేడి చికిత్స చేసిన ఫైలుతో రెండు. గురువుగారి వేళ్ళంటే నాకు భక్తి. అయినా ఆమెకు ఆ నెలలో నాలుగు పూటలు లేవు. మిల్లీమీటరులో వందో వంతుల తేడా దగ్గర ఏ వ్యాసమూ నన్ను ఒప్పించలేకపోయింది. రెండు పూటల తేడా దగ్గర మాట్లాడకుండా మోటారు తీశాను.

పని మొదలుపెట్టే ముందు భయం పోగొట్టడానికి ఫైలు చూపించాను. వేలితో వంచితే కొక్కెంలా వంగి అలాగే ఉండిపోయింది. వేడినీళ్ళలో ముంచగానే నిటారైంది. ఆమె రెండుసార్లు చేయించుకుని చూసింది. నవ్వింది, వాచిన బుగ్గతోనే. మా లక్కకు ఉల్టా, అంది. లక్కను నిప్పు మీద మెత్తబరిచి గుండ్రంగా వంచుతారు, చల్లారితే ఆ వంపు నిలిచిపోతుంది. ఇది చల్లగా ఉన్నప్పుడు వంగి, వేడి తగిలితే పాత రూపం తెచ్చుకుంటోంది. లోహశాస్త్రం మీద నేను విన్న ఉపన్యాసాల్లో అంత పొట్టిది లేదు. రెండో పూట చివర పూడ్చి, సిమెంటు వేసి పంపాను. పైన తొడుగు తప్పక వేయించుకోవాలని, లేకపోతే పన్ను నిలువునా పగలవచ్చని మరీ మరీ చెప్పాను. పండుగ కానీ అంది. ఆ తరువాత పండుగలు చాలా గడిచాయి. పన్ను ఉంది, తొడుగు లేదు. కూతురిని తీసుకుని వచ్చినప్పుడల్లా ఆమె నోరు కూడా తెరిపించి చూస్తాను.

డబ్బు లెక్క కూడా చెప్పకపోతే ఇది అసంపూర్ణం. నిటినాల్ ఫైలు పెట్టె మీద ఒకే రోగికి వాడి పారేయమని రాసే ఉంటుంది చాలావాటికి. ఇంగ్లండులో 2007లో ప్రభుత్వమే అన్ని ఫైళ్ళనూ ఒక్కసారే వాడాలని ఆదేశించింది, ఆవుల పిచ్చిజబ్బు తాలూకు ప్రోటీను ఆవిరి శుద్ధికి కూడా చావదన్న భయంతో. వేవ్‌వన్ మొదట వచ్చినప్పుడు పిడి చుట్టూ ఒక ప్లాస్టిక్ వలయం పెట్టారు. ఆటోక్లేవ్‌లో పెడితే అది ఉబ్బి మళ్ళీ మోటారులో పట్టదు. తయారుచేసినవాడికి మన సంగతి బాగా తెలుసన్నమాట. ఇక్కడ ఆ ఖర్చంతా ఒక్క రోగి మీద వేస్తే ఆ రోగి పీకే గదికి వెళ్తాడు. అందుకని శుద్ధి చేసి మళ్ళీ వాడేవాళ్ళే ఎక్కువ. లెక్క పెట్టుకుని వాడేవాళ్ళు ఎందరో నాకు తెలియదు. నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. ప్రతి ఫైలుకూ ఒక వరుస. వాడిన ప్రతి నాళానికీ ఒక గీత, వంకర నాళమైతే రెండు గీతలు, బాగా వంకరైతే ఆ రోజే చెత్తబుట్ట. శాస్త్రం ఒప్పుకునే పద్ధతి కాదు, కిరాణా కొట్టు పద్ధతి. వేరేచోట విరిగిన ముక్క వేరులో మిగిలిపోయి వచ్చినవాళ్ళను చూసినప్పుడల్లా ఆ గీతలు ఇంకాస్త ముదురుగా గీస్తాను. నవ్వేవాళ్ళు నవ్వవచ్చు.

అన్నట్టు, పాన్, గుట్కా దశాబ్దాలు నమిలిన దవడపళ్ళ సంగతి వేరు. పైన అరిగేకొద్దీ పన్ను తనను తాను కాపాడుకోవడానికి లోపలి నుంచి గోడ కట్టుకుంటూ వస్తుంది. నాళం దారమంత సన్నబడుతుంది, కొన్నిచోట్ల కనిపించకుండా పోతుంది. అక్కడ లక్షల మోటారు కూడా గుమ్మం బయటే నిలబడుతుంది. ముందుగా లోపలికి నడవవలసినది 8 నంబరు ఉక్కు ఫైలు, కొస కొంచెం వంచి, వేళ్ళతో, ఊపిరి బిగబట్టి. బూడిద రంగు పిడి, పెట్టెలో అన్నిటికంటే చవక. అది దారి చూపించి, 10, 15 ఆ దారిని నున్న చేశాకే నిటినాల్‌ను పిలవాలి. అలా పిలవనిదే తొందరపడి దించినప్పుడే అది విరిగేది ఎక్కువ. ఆ కాసేపూ గురువుగారు నా వెనక నిలబడి ఉంటారు, కళ్ళు మూసుకుని.

జూనియర్‌కు చెప్పినది ఇదే, ఇంత వరుసగా కాకపోయినా. 8, 10 నంబర్ల ఉక్కు ఫైళ్ళు ముందు నాలుగు పెట్టెలు కొనుక్కోమన్నాను. రబ్బరు డ్యామ్ కొనమన్నాను. నిటినాల్‌లో ఏ పేరైనా ఫరవాలేదు, వేడి చికిత్స చేసినదై ఉండాలి, ఒకటి ఎంచుకుని రెండేళ్ళు మార్చకుండా చేయి కుదుర్చుకోమన్నాను. నోటుబుక్కు సంగతి కూడా చెప్పాను. అన్నీ శ్రద్ధగా విని, "సరే అక్కా" అని పెట్టేసింది. నిన్న సందేశం పంపింది. ఏజెంటు ఫైళ్ళతో పాటు మోటారును వాయిదాల మీద ఇస్తానన్నాడట, అదే తీసుకుందట. ఏ కంపెనీదో అడిగాను. ఫొటో పంపింది, పెట్టె మీద నోటుబుక్కు కూడా ఉంది, కొత్తది.